బిందెలో వేసిన చీటీ

కుట్టుకంపెనీలో ఆమెని అందరూ భూతద్దం అంటారు. మూడు వరుసల మిషన్ల మీద కుట్టిన చొక్కాలన్నీ చివరికి ఆమె బల్ల మీదికి రావాల్సిందే. కాలరు తిప్పి చూస్తుంది, చంక దగ్గర కుట్టు లాగి చూస్తుంది, గుండీ కింద దారం ఎన్ని చుట్లు తిరిగిందో వేలికొసతో తడిమి చెప్పేస్తుంది. ఎక్కడ ఒక్క కుట్టు జారినా చొక్కా మీద ఎర్ర స్టిక్కరు పడుతుంది, కుట్టినవాళ్ళ మొహం మాడిపోతుంది. ఇరవై ఏళ్ళలో ఆమె కన్నుగప్పి ఒక్క లోపం కూడా గుమ్మం దాటలేదని సూపర్‌వైజరు కొత్తవాళ్ళకి కథలు కథలుగా చెబుతాడు. చొక్కాల వరకు అది నిజమే.

ఆమె భర్త కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే పనివాడు. ఆయనకీ ఒక పేరుండేది: ఇంకోసారి. అద్దాన్ని చక్రం మీద అరగదీసి, ఫ్రేములో బిగించి, పవరు కొలిచే యంత్రం కింద పెట్టి చూస్తాడు. డాక్టరు రాసినంతే ఉంటుంది. డబ్బాలో పెట్టి మూత వేస్తాడు. అంతలో గుండెల్లో రాయి పడుతుంది. ఇంకోసారి చూస్తానుండు, అని మూత తీస్తాడు. అలా నాలుగుసార్లు. ఇంటికి తాళం వేసి వీధి మలుపుదాకా వచ్చాక వెనక్కెళ్ళి దాన్ని లాగి చూస్తాడు. గ్యాసు కట్టేశామో లేదో అని మధ్యాహ్నం భోజనం మానుకుని ఇంటికి పరిగెత్తిన రోజులున్నాయి. ఆమె రెండుసార్లు తుమ్మిందంటే చాలు, ఆయనకి చెవుల్లో అంబులెన్సు కూత వినపడేది. గోరంతని కొండంత చేసుకుని, ఆ కొండకింద తనే పడుకునే రకం. పడుకోవడమేగానీ నిద్రెక్కడిది? ఆమెకి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆమెకి అలాంటి బెంగలు లేవు. తన బరువు పద్నాలుగేళ్ళ కిందటే దించుకుంది. ఇక పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చి చెప్పాక ఒక ఏడాదిపాటు అన్నం సయించలేదు, ఎవరింట్లో ఊయల కనిపించినా దారి మార్చుకుని తిరిగింది. అప్పుడు కంపెనీలో మిషను కుట్టే ఒకామె చెయ్యి పట్టుకుని ఆ హాలుకి తీసుకెళ్ళింది. టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తు. కింద రబ్బరు వాసన, పైన అగరొత్తుల వాసన, మెట్ల మధ్యలో రెండూ కలిసిపోయేవి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ప్రతి గురువారం సాయంత్రం అక్కడ యోగం చెప్పేది. వంగడాలు, లేవడాలు, ఊపిరి బిగపట్టడాలు కాదు. అవన్నీ బలమున్నవాళ్ళకి అనేది ఆవిడ. బలం లేనివాళ్ళకి ఒక్కటే దారి, మనసుని మూటగట్టి ఈశ్వరుడి పాదాల దగ్గర పెట్టెయ్యడం. భక్తి అంటే అడుక్కోవడం కాదు, ఇచ్చెయ్యడం. శరణాగతే అసలు యోగమని ఆవిడ మాట.

హాలు చివర స్వామి పటం ముందు ఒక రాగి బిందె ఉండేది. నామజపం అయ్యాక ఎవరు మొయ్యలేని బరువు వాళ్ళు ఒక చీటీ మీద రాసి, మడిచి అందులో వేస్తారు. నియమాలు మూడే. ఒక చీటీలో ఒక్క సంగతే రాయాలి. వేసింది మళ్ళీ తియ్యకూడదు, అంటే మనసులో కూడా తలుచుకోకూడదు. వేసిన సంగతి మరో మనిషి దగ్గర అనకూడదు, అన్నారంటే అదింకా మీ దగ్గరే ఉన్నట్టు. ఆమె మొదటి గురువారమే పిల్లల సంగతి రాసి వేసింది. మెట్లు దిగుతూంటే కాళ్ళు తేలికైపోయాయి. ఇది వట్టి మాట కాదు. ఆ పూట ఇంటికెళ్ళి, ఏడాది తర్వాత మొదటిసారి మారు వడ్డించుకుని తింది. ఊయల కనిపిస్తే దారి మార్చుకోవడం కూడా ఆ వారంతోనే పోయింది. దేవుడున్నాడని ఆమెకి ఇంకెవరూ రుజువులు చూపించనక్కర్లేకపోయింది.

కొన్నాళ్ళకి బిందె సేవ ఆమెకే అప్పజెప్పారు. శుక్రవారం పొద్దున పనికెళ్ళేముందు హాలు తాళం తీసి, బిందెని మేడమీదికి మోసుకెళ్ళి, చీటీలన్నీ ఇనప మూకుడులో బోర్లించి నిప్పంటించేది. ఒక్క చీటీ విప్పి చదివిన పాపాన పోలేదు. మడత ఊడి అక్షరాలు కనబడినా మొహం తిప్పేసుకునేది. వారమంతా లోపాలు వెతికే కళ్ళకి ఆ కాస్సేపు విశ్రాంతి అనుకునేది, కొంచెం గర్వపడేది కూడా.

భర్తని ఈ దారిలోకి తేవడానికి పదకొండేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఎవరికో కుడి అద్దం ఎడమకి బిగించానేమోనన్న అనుమానంతో ఆయన మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టకపోతే, ఇక లాభం లేదని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. పాఠాలు మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి తనే చెప్పింది. అసలు పొరపాటు అక్కడే జరిగింది. హెడ్‌మిస్ట్రెస్ చెప్పే మాటలో రెండు సగాలుండేవి: చెయ్యాల్సింది నువ్వు చెయ్యి, అయ్యేది ఆయనకి వదిలెయ్యి. ఈ మొదటి సగం ఆమె భర్తకి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. చెయ్యాల్సింది చెయ్యి అన్నారంటే చాలు, తాళం లాగి చూడ్డానికి వీధి మలుపు నుంచి వెనక్కెళ్తాడు. చెయ్యడం ఆయనకి ఎక్కువై ఒలికిపోతోంది, వదలడమే చేతకాదు. అందుకని ఆ ముక్క కత్తిరించి పారేసి, వదలడం ఒక్కటే నూరిపోసింది. రాయండి, వెయ్యండి, మర్చిపోండి. వేశాక అది మీది కాదు.

ఆయన బుద్ధిగా నేర్చుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, పైగా ఒకసారి నేర్చుకున్న నియమం తప్పానేమోనన్నది కూడా ఆయనకొక భయమే. రెండేళ్ళు తిరిగేసరికి వేరే మనిషయ్యాడు. తాళం ఒక్కసారే లాగేవాడు. అద్దం ఒక్కసారే చూసి డబ్బాలో పెట్టేవాడు, పని రెట్టింపు తెమిలిందని దుకాణం యజమాని మురిసిపోయాడు. ఇంకోసారి అన్న పేరు ఎవరి నోటా వినపడలేదు. ఆమె దగ్గుతున్నా పేపర్లోంచి తలెత్తడు, తల దిండు మీద పెట్టగానే గుర్రు. ఒక గురువారం హెడ్‌మిస్ట్రెస్ ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి, వదలడమంటే ఏమిటో ఈయన్ని చూసి నేర్చుకోండి అంది. ఆమెకి ఒళ్ళు పులకరించింది. పెళ్ళినాడు కూడా ఆయన్ని అంత గర్వంగా చూసుకోలేదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే ఆమె ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. శనగగింజంత. స్నానం చేస్తూంటే వేలికొసకి తెలిసింది, ఆ వేలికొస పొరపాటు పడేది కాదు. ఆసుపత్రికి వెళ్తే సూదితో కొంచెం ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫారం నింపుతూ నర్సు ఫోన్ నంబరు అడిగింది. కుట్టుకంపెనీలో ఫోన్లు లోపలికి రానివ్వరు, సాయంత్రందాకా లాకర్లో పెట్టి తాళం వెయ్యాలి. అందుకని భర్త నంబరు రాయించింది. ఏమైనా ఉంటే పది రోజుల లోపల మేమే ఫోన్ చేస్తాం, చెయ్యలేదంటే నిశ్చింతగా ఉండండి అని నర్సు చెప్పింది.

వారం గడిచింది, దాని మీద మూడు రోజులు గడిచాయి. ఆయన ఏమీ అనలేదు. ఆమె అడగలేదు. పరీక్ష ఏమవుతుందోనన్న బెంగని ఆమె అప్పటికే రాసి బిందెలో వేసింది, అడగడమంటే వేసింది మళ్ళీ తియ్యడమే. ఫోన్ రాలేదంటే ఏమీ లేదన్నమాట. ఆ గురువారం చిన్న చీటీ మీద "ఏమీ లేదని తేల్చావు, నీ దయ" అని రాసి వేసింది. మర్నాడు పొద్దున అన్నిటితోపాటు దాన్నీ కాల్చి, బూడిద మేడమీది పూలకుండీల్లో చల్లి పనికెళ్ళిపోయింది.

ఏమీ లేని గడ్డ నాలుగు నెలల్లో నిమ్మకాయంత అయింది. చంకలో ఇంకోటి, రాయిలాగా. ఒకరోజు చొక్కా లాగి చూడ్డానికి చెయ్యెత్తబోతే ఎత్తలేకపోయింది. సగం పూట సెలవు పెట్టి ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది.

నర్సు ఫైలు తీసింది. ఒక కాగితం దగ్గర ఆగి, ఆమె మొహంలోకి చూసి, మళ్ళీ కాగితంలోకి చూసింది.

"ఇందులో మీరు వైద్యం వద్దన్నారని రాసుంది కదమ్మా?"

ఎవరన్నారని అడిగింది ఆమె. నర్సు వేలుపెట్టి చదివింది. ఫలానా తారీఖున ఫోన్ చేశారు, భర్త ఎత్తారు, ఫలితం చెప్పి వెంటనే తీసుకురమ్మన్నారు, సరేనన్నారు. వారం చూసి మళ్ళీ ఫోన్ చేశారు. మేం దాన్ని వదిలేశాం, ఇక ఫోన్ చెయ్యకండి అని భర్త అన్నారు. వైద్యం నిరాకరించారని రాసి ఫైలు మూసేశారు. ఒకచోట కాదు, రెండుచోట్ల ఆయన పేరు రాసుంది. ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పొరపాటున ఇంకెవరి ఫైలో తీశారని అనబోయి, తారీఖు చూసింది. మొదటి ఫోన్ వచ్చింది బుధవారం. మర్నాడు గురువారం. ఆమె దయ చీటీ వేసిన గురువారం.

డాక్టరు ఆమెకన్నా పదేళ్ళు చిన్నది. సాగదియ్యకుండా చెప్పింది. అప్పుడే వచ్చి ఉంటే గడ్డ ఒక్కటీ తీసేస్తే బహుశా సరిపోయేది. ఇప్పుడు చంకలోకి పాకింది. రొమ్ము మొత్తం తియ్యాలి, తర్వాత చాలాకాలం మందులు ఎక్కించాలి, అయినా మాట ఇవ్వలేను అంది. ఎన్నాళ్ళు బతుకుతానని ఆమె అడిగింది. డాక్టరు బల్ల మీది పెన్ను అటు జరిపి, ముందు ఆపరేషను కానివ్వండి అంది.

ఆమె అక్కణ్ణించి తిన్నగా కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది. వెనకగదికి కిటికీ లేదు. చక్రం మీద సన్నగా నీళ్ళు కారుతున్నాయి, అరిగిన అద్దం పొడి తెల్లటి బురదలా తొట్లో పేరుకుని ఉంది. ఆయన ఒక గుండ్రటి అద్దాన్ని చక్రానికి ఆనించి తిప్పుతున్నాడు. ఆమెని చూసి చిన్నగా నవ్వాడు. ఈ వేళప్పుడు వచ్చావేమిటని కూడా అడగలేదు. ఇదివరకటి మనిషైతే ఆమెని ఆ గుమ్మంలో చూడగానే చేతిలో అద్దం జారవిడిచేవాడు.

"ఆసుపత్రి నుంచి మీకు ఫోన్ వచ్చిందా?"

ఆయన చక్రం ఆపాడు. అద్దాన్ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"వచ్చింది."

"ఏం చెప్పారు?"

"అది అనకూడదు కదా. వేసేశాను."

"అనండి."

ఆయన ఇబ్బందిగా చేతులు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. మంచిరకం గడ్డ కాదన్నారు. ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మన్నారు. ఇదంతా ఆయన నేర్పిన పాఠం ఒప్పజెప్పినట్టు చెబుతూంటే, ఆమెకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను," అన్నాడు ఆయన. "ఆ బుధవారం సాయంత్రం. నువ్వు బట్టలు మడత పెడుతున్నావు. ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నువ్వు నా మొహం చూసి, మళ్ళీ మొదలెట్టారా అన్నావు. నాకు చెప్పకండి, చెప్పారంటే అది మీ దగ్గరే ఉండిపోతుంది, ఏదైనా సరే ఆయనకే చెప్పుకోండి అన్నావు. ఏదైనా సరేనా అన్నాను. ఏదైనా సరే అన్నావు. మళ్ళీ అడిగాను. ఇన్నేళ్ళు నేర్చుకున్నది ఇదేనా అని విసుక్కున్నావు."

ఆమెకి గుర్తొచ్చింది. చేతిలో దుప్పటి అంచు ఉంది, రెండు అంచులూ కలవట్లేదు, ఎదురుగా ఈయన చెమటలు పట్టిన మొహం వేసుకుని నిలబడ్డాడు. మళ్ళీ గ్యాసో తాళమో అనుకుంది. శిష్యుడు జారిపోతున్నాడని ఒళ్ళు మండింది. దుప్పటి మడత మీదే చూపు పెట్టి మాట్లాడింది తప్ప రెండోసారి ఆ మొహంలోకి చూడలేదు.

"దేవుడికి చెప్పారు. బాగుంది," అంది చివరికి. "మరి ఆయన నాకు చెప్పలేదండీ."

ఆయన చేతిలో ఉన్న గుడ్డని నాలుగు మడతలు పెడుతూ, అయితే ఇప్పుడు ఏమంటున్నారని అడిగాడు. చెప్పింది. చంకలోది కూడా చెప్పింది. ఆయన మొహం తెల్లబడింది, అయినా పెదాలు సన్నగా కదులుతున్నాయి, ఏదో నామం పట్టుకుని వేలాడుతున్నాడు. దాంతో ఆమెకి మిగిలిన ఒక్క ప్రశ్నా అడగాలనిపించింది. అడక్కుండా ఉండాల్సింది.

"ఈ నాలుగు నెలలూ మీకు నిద్ర పట్టిందా?"

ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. నిజంగా ఆలోచించి, గుర్తు చేసుకుని మరీ చెప్పాడు.

"పట్టింది," అన్నాడు.

ఆమె బయటికొచ్చి నడిచింది. బస్సు ఎక్కాలని కూడా తోచలేదు. పాతికేళ్ళు ఈ మనిషి తన తుమ్ముకీ దగ్గుకీ హడలిపోతే విసుక్కుంది. జబ్బు అనుకుంది, మాన్పించాలనుకుంది. ఇప్పుడు తెలిసింది, ఆయనకి తెలిసిన ప్రేమ అదొక్కటేనని. దాన్ని వేళ్ళతో సహా పెరికి బిందెలో వేయించింది తనే. మాన్పించింది, పూర్తిగా మానింది, మనిషి హాయిగా నిద్రపోయాడు. ఏడుపు రాలేదు. పళ్ళు నూరుకుంటూ నడిచింది.

ఇంట్లో వంటగది పక్క గూట్లో స్వామి పటం ఉంది. రోజూ పొద్దున దీపం పెట్టే చోటే ఆమె నిలబడింది. దణ్ణం పెట్టలేదు.

"ఆయన నీకే చెప్పాడు," అంది. "నేనూ నీకే చెప్పాను, ఏమీ లేదు, సంతోషం అని. రెండు చీటీలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ చూశావు. చూసి నా చేత్తోనే కాల్పించావు."

పటం ఏమంటుంది? పద్నాలుగేళ్ళుగా ఏమీ అనలేదు, అప్పుడా మౌనాన్ని ఆమె శాంతి అనుకుంది. ఇప్పుడు అదే మౌనానికి ఒళ్ళు జలదరించింది. దేవుడు లేడని అనుకోగలిగితే ఎంత బావుండును. అనుకోలేకపోయింది. ఉన్నాడు, విన్నాడు, ఊరుకున్నాడు. అంతకన్నా ఘోరం ఆమెకి ఏమీ తోచలేదు.

గురువారం హాలుకి వెళ్ళింది, జనం రాకముందే. హెడ్‌మిస్ట్రెస్ మోకాళ్ళకి పట్టీలు బిగించుకుంటోంది. నెలకోసారి ఎముకల డాక్టరు దగ్గరికెళ్ళి మార్పించుకొచ్చే పట్టీలవి. ఆమె విషయమంతా చెప్పింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నటన కాదు, నిజంగానే బాధపడింది. ఆ తర్వాత మెల్లిగా, పాతకాలపు టీచరు గొంతుతో, నేనలా చెప్పలేదే అంది. చెయ్యాల్సింది చెయ్యమనే చెప్పాను, ప్రతి గురువారం చెప్పాను, నువ్వాయనకి సగమే చెప్పావమ్మా అంది.

అది నిజం కావడమే ఆమెకి పుండు మీద కారం రాసినట్టనిపించింది.

"ఆయన్ని నిలబెట్టి, ఇలా వదలాలని అందరికీ చూపించారు కదండీ?"

"ఏం వదిలాడో నాకేం తెలుసు?"

"ఎవరికీ తెలీదు. తెలియకూడదనే కదా నియమం."

హెడ్‌మిస్ట్రెస్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇవాళ అందరం నీకోసం కూర్చుని జపం చేస్తాం అంది. చేసుకోండి అని, ఆమె హాలు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. మెట్ల మీద వచ్చేవాళ్ళు ఎదురయ్యారు. వాళ్ళ చేతుల్లో మడిచిన చీటీలు చూసి, ఆపి విప్పించి చదవాలన్నంత కోపం వచ్చింది. ఏమీ అనకుండా దిగిపోయింది.

ఆపరేషనుకి తొమ్మిది రోజులు గడువిచ్చారు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన శాంతి అంతా ఊడిపోయింది, అదీ ఒక్కసారిగా కాదు. మొదటి రోజు తాళం రెండుసార్లు లాగి చూశాడు. మూడో రోజుకి ఆమె మాత్రల అట్ట విప్పి, లెక్కపెట్టి, మూసి, మళ్ళీ విప్పాడు. అయిదో రోజు ఒక అద్దాన్ని ఎనిమిదిసార్లు పవరు చూసి, చివరికి పగలగొట్టి, దుకాణం యజమాని చేత నాలుగు మాటలు పడి ఇంటికొచ్చాడు. కళ్ళకింద నల్లటి సంచులు వచ్చాయి. ఆమె దగ్గితే లేచి నిలబడేవాడు. జపం మాటే ఎత్తలేదు. ఆమె వెనకాలే వంటగదిలోకి, వంటగదిలోంచి వసారాలోకి తిరిగేవాడు.

ఆమె చూస్తూ ఊరుకుంది. ఊరుకోవడమే కాదు, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, చూసి తృప్తిపడింది. ఆయన తినకుండా లేచిపోయిన పళ్ళెం కడుగుతూ, నాలుగు నెలల కింద పడాల్సిన భయం ఇప్పుడు పడుతున్నాడు అనుకుంది. ఓదార్చడానికి నోట్లో మాటలకి కొదవలేదు, పద్నాలుగేళ్ళుగా కూడబెట్టినవే. ఒక్కటీ ఖర్చు పెట్టలేదు. ఇంత కర్కశం తనలో ఎక్కడ దాక్కుందో ఆమెకే అర్థం కాలేదు, దానికి చింతించనూ లేదు.

ఆపరేషను రోజు పొద్దున ఆసుపత్రి వార్డులో ఆమెకి ఆకుపచ్చ గౌను వేసి, చేతికి సూది గుచ్చి, చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. సంతకాలన్నీ ఆమె తనే పెట్టింది. ఆయన మంచం పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. గెడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు, ఇంకెప్పుడైనా అయితే ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి సరిచేసేది.

"నిద్ర పట్టట్లేదు," అన్నాడు. "తొమ్మిది రోజులైంది. కళ్ళు మూస్తే ఆ ఫోనే వినిపిస్తోంది. నావల్ల కావట్లేదు. నువ్వు ఒక్క మాట అను, పోనీలెండి అను. నీకేమైనా అయితే నేను..."

ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయి, సూది ఉందని చూసుకుని, మంచం కమ్మీ పట్టుకున్నాడు.

అలవాటు చెడ్డది. ఆమె నాలుక మీదికి ఆ మాటే వచ్చేసింది, ఎవరు ఏడ్చినా ఇన్నేళ్ళూ తను అన్న మాటే. ఆయనకి వదిలెయ్యండి. అన్నదంటే ఆ మొహం ఎలా తేటపడుతుందో, భుజాలు ఎలా కిందికి దిగుతాయో ఆమెకి తెలుసు. ఈ సాయంత్రమే మనిషి కడుపునిండా తింటాడు, గుర్రుపెట్టి నిద్రపోతాడు. తను లోపల కత్తికింద ఉన్నా, తర్వాత ఉన్నా, లేకపోయినా. ఆమె ఆ మాటని గుటకవేసి మింగేసింది.

"పోనివ్వను," అంది. "ఇది మీదే. మొయ్యండి."

వార్డు మనిషి వచ్చి బ్రేకు కాలితో తన్ని మంచాన్ని తిప్పాడు. ఆయన లేచి, కమ్మీ వదలకుండా నాలుగడుగులు పక్కనే నడిచాడు. తలుపు దగ్గర ఇంకెవరూ రాకూడదన్నారు.

లోపల చల్లగా ఉంది. దీపాలు మొహం మీదికి వంచారు. ఎవరో ఊపిరి గట్టిగా తీసుకోమన్నారు. అప్పుడు గమనించింది ఆమె, పెదాలు కదులుతున్నాయి. నాలుక తన పాటికి తను నామం అనుకుంటూ పోతోంది, లోపల ఆ మాట అనేవాళ్ళెవరూ లేరని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె దాన్ని ఆపలేదు. దాంతో కలిసి అననూ లేదు.